కంటిలో టెలిస్కోపు కోసం స్థలం అమ్మాలా?

ప్రశ్న: మాది కావలి. నాన్నగారికి 72 ఏళ్లు. మాక్యులర్ డీజనరేషన్ (రెటీనా మధ్యభాగం దెబ్బతినే జబ్బు) ముదిరి రెండు కళ్లకూ మధ్య చూపు పోయింది. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఎడమ కంటికి ఇంకా కాలేదు. ఇంప్లాంట్ పెడితే చూపు వస్తుందని వీడియోలో చూశాం. నా జీతం తప్ప వేరే ఆదాయం లేదు. ఊరి బయట స్థలం బేరం పెట్టమంటారా?

జవాబు: ఇప్పుడే పెట్టకండి. అవసరంలో ఉన్నారని తెలిస్తే కొనేవాడు ధర తెగ్గొడతాడు. ముందు నాన్నగారికి ఆ ఆపరేషన్ పనికొస్తుందో లేదో తేలాలి.

కంటిలో అమర్చే బుల్లి టెలిస్కోపుకు అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2010లో 75 ఏళ్లు, ఆపైన ఉన్నవారికి, 2014లో 65, ఆపైన ఉన్నవారికి అనుమతి ఇచ్చింది. షరతులు గట్టివి. రెండు కళ్లలోనూ జబ్బు చివరి దశకు చేరి, చూపు సుమారు 6/48కీ 6/240కీ మధ్య ఉండాలి (6/48 అంటే, మామూలు కన్ను 48 మీటర్ల నుంచి చదివేది 6 మీటర్ల నుంచే చదవగలగడం). పెట్టే కంట్లో శుక్లం ఉండాలి, దానికి ఆపరేషన్ అయి ఉండకూడదు. అంటే మీ నాన్నగారి కుడి కన్ను లెక్కలో లేనట్టే. అందుకే, క్యాంపులో ఉచితంగా ఎడమ కంటి శుక్లం తీస్తామన్నా రెటీనా డాక్టర్‌ను అడగకుండా ఒప్పుకోకండి. పెట్టేదీ ఒక్క కంటికే. నడవడానికి పక్కచూపు కావాలి కాబట్టి రెండోదాన్ని వదిలేస్తారు. జబ్బు నయం కాదు, బొమ్మ పెద్దదై కనబడుతుందంతే.

వీడియోలో ప్రత్యేక కళ్లద్దాలు కూడా ఉంటే అది రెటీనా కింద అమర్చే 'ప్రిమా' చిప్ అయి ఉంటుంది. యూరప్‌లో 38 మందిపై చేసిన ట్రయల్ ఫలితాలు 2025 అక్టోబరులో వచ్చాయి. ట్రయల్‌లో చేరుస్తామని ఎవరైనా డబ్బడిగితే నమ్మకండి.

ఇప్పుడు ఖర్చు పెట్టాల్సింది చెన్నై ప్రయాణానికి. అక్కడి శంకర నేత్రాలయ కంటి ఆసుపత్రిలో 'లో విజన్' (బాగా తగ్గిన చూపుకు సాయపడే) విభాగం ఉంది. బయటి టెలిస్కోపుతో చార్టు చదివించి చూడమనండి. దానితో కనీసం ఐదు అక్షరాలు ఎక్కువ చదవలేకపోతే లోపల పెట్టినా లాభం లేదని ఎఫ్‌డీఏ నిబంధనల లెక్క. ఒక్కోసారి మంచి భూతద్దంతోనే పని జరిగిపోతుంది!

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు కూడా దరఖాస్తు చేయండి. వైకల్యం కనీసం 40 శాతం ఉంటే, పాత ఆదాయపు పన్ను విధానంలో మీ ఆదాయం నుంచి 75,000 రూపాయల మినహాయింపు వస్తుంది. 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000. నాన్నగారు మీపై ఆధారపడి ఉన్నారు కాబట్టి ఇది మీకే. ఇన్సూరెన్స్ ఉంటే, ఈ చికిత్సకు వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఇంకా రుజువు కాని చికిత్సలకు పాలసీలు సాధారణంగా డబ్బివ్వవు.

ఎడమ కన్ను పనికొస్తుందని డాక్టర్లు తేలిస్తే, ఆపరేషన్ తర్వాతి శిక్షణకు ఎన్నిసార్లు వెళ్లాలో కూడా కలిపి ఎస్టిమేట్ తీసుకుని మళ్లీ రాయండి. స్థలం సంగతి అప్పుడు చూద్దాం.