ఎక్స్‌రే గదిలో పనిచేస్తే టీబీ, హెపటైటిస్ అంటుకుంటాయా? గ్లౌజులు, మాస్కు ఉంటే చాలా?

తమ్ముడూ, కోర్సు అయిపోయి మహబూబ్‌నగర్‌లో ట్రైనింగ్‌కు చేరుతున్నానని, టీబీ వాళ్లూ హెపటైటిస్ వాళ్లూ వస్తారని అమ్మకు టెన్షన్‌గా ఉందని, గ్లౌజులు మాస్కు వేసుకుంటే సరిపోతుందా అని అడిగావు. నేను నల్లగొండ వైపు చాలా ఏళ్లుగా రేడియోగ్రాఫర్‌గా చేస్తున్నా, నాకు తెలిసింది చెప్తా.

గ్లౌజులతో సరిపోదు. ఇంకా చెప్పాలంటే పొద్దున తొడిగిన గ్లౌజు మధ్యాహ్నం బువ్వ తినేదాకా తియ్యనోడికంటే, ఉత్త చేతులతో చేస్తూ మాటిమాటికీ కడుక్కునేవాడు వెయ్యి రెట్లు నయం. నాతో పనిచేసిన ఒకాయనను చూసేవాణ్ని, కాలి పుండు కట్టు సర్దిన గ్లౌజుతోనే కాసెట్ (ఎక్స్‌రే బొమ్మ పడే పలక) తీసేవాడు, అదే చేత్తో ఎక్స్‌పోజర్ స్విచ్, మౌస్, తలుపు గొళ్లెం, మధ్యలో ఫోన్ మోగితే జేబులో కూడా చెయ్యి పెట్టేవాడు. ఆ ఫోన్ సాయంత్రం ఇంటికి పోయి పిల్లల చేతిలో పడుతుంది. కాబట్టి రక్తం, చీము, పుండు, వాంతి ఉన్నచోట గ్లౌజు వేసుకో, ఆ పేషెంట్ అయిపోగానే తీసి ఎర్ర సంచిలో వెయ్యి, తీశాక కూడా చేతులు కడుగు. పేషెంట్‌ను ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక, ఆయన పడుకున్న స్ట్రెచర్, దుప్పటి సర్దాక కూడా ఇదే పని. శానిటైజర్ అయితే 20, 30 సెకన్లు, చేతికి మురికి కనిపిస్తే సబ్బు నీళ్లే, 40 నుంచి 60 సెకన్లు. విరేచనాల పేషెంట్ అయితే కూడా సబ్బే వాడు, కొన్ని క్రిములకు శానిటైజర్ పనిచెయ్యదు.

టీబీ వేరే లెక్క. అది చేత్తో అంటదు, గాలిలో వస్తుంది. చెస్ట్ పీఏ (వీపు వైపు నుంచి తీసే ఛాతీ ఎక్స్‌రే) తీసేటప్పుడు మనిషిని స్టాండ్‌కు ఛాతీ ఆనించి నిలబెట్టి, గడ్డం పైన పెట్టించి, గట్టిగా గాలి పీల్చి బిగబట్టమంటాం కదా, వదిలే క్షణంలోనే దగ్గు తన్నుకొస్తుంది. అప్పుడు నువ్వు ఆయన వెనుక వైపు ఉండాలి, ముఖం ముందు కాదు. పేషెంట్‌కు మామూలు సర్జికల్ మాస్కు, నీకు ఎన్95. మాస్కు ఇవ్వడానికి మొహమాటపడొద్దు, "పెద్దాయనా, ఇది పెట్టుకో, పక్కన చిన్నపిల్లలు ఉన్నారు" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. దగ్గేవాళ్లను లైన్లో గంట కూర్చోబెట్టకుండా ముందుగా తీసి పంపెయ్, కుదిరితే కిటికీ తెరువు. ఏసీ కోసం అన్నీ బిగించుకునే గదులంటే నాకు చిరాకు. గడ్డం ఆనించిన చోటు మాత్రం ఒక్కో పేషెంట్‌కూ తుడవాలి, టీబీ కోసం కాదు, ఉమ్మితో వచ్చే మిగతా వాటి కోసం. ఎక్స్‌రే పడితే క్రిములు చస్తాయిలే అని సీనియర్లు జోక్ చేస్తుంటారు, మనం వాడే డోసుకు ఏమీ చావవు.

నార్కట్‌పల్లి, సూర్యాపేట హైవే మీద యాక్సిడెంట్ కేసులు వస్తే హడావిడిలో అందరూ మర్చిపోయేది కాసెట్‌కు పాలిథీన్ కవర్. ముందే తొడిగి పెట్టుకో. మెడ కాలర్ ఉంటే డాక్టర్ చెప్పకుండా విప్పొద్దు. టేబుల్ మీదికి మార్చేటప్పుడు యూరిన్ బ్యాగ్‌ను పేషెంట్ పొట్ట మీద పెట్టేస్తుంటారు, అలా చేస్తే సంచిలోది వెనక్కి పోతుంది, నడుము కంటే కిందే ఉంచాలి. నేల మీద రక్తం పడితే దాని మీద పాత గుడ్డో పేపరో పరిచి, 1 శాతం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రవం) పోసి కనీసం పది నిమిషాలు ఆగి తుడవాలి. డిటెక్టర్ (డిజిటల్ మెషీన్‌లో బొమ్మ పట్టే పలక) మీద మాత్రం అది పొయ్యకు, కంపెనీవాళ్లు చెప్పిన ద్రవమే వాడు. ఐసీయూలో పోర్టబుల్ (మంచం దగ్గరికే మెషీన్ తోసుకెళ్లి తీసే ఎక్స్‌రే) తీసేటప్పుడు ఇద్దరు ఉంటే ఒకరు పేషెంట్‌ను, కాసెట్‌ను చూసుకోవాలి, ఇంకొకరు మెషీన్ ఒక్కటే ముట్టుకోవాలి. లెడ్ ఏప్రాన్ (రేడియేషన్ తగలకుండా వేసుకునే సీసం కోటు) కూడా తుడవాలి, ఒకరి మెడ చెమట ఇంకొకరికి పూసుకుంటూ తిరుగుతాం.

పేషెంట్‌ను చూసుకోవడం అంటే అందులో మొదటిది పేరు. "రాములు నువ్వేనా" అంటే మన దగ్గర ముగ్గురు "ఆ" అంటారు. "నీ పేరేంది, మీ నాయిన పేరేంది" అని ఆయన నోటితోనే చెప్పించి చీటీతో చూసుకో. ఆడవాళ్లను నెల తప్పిందా అని అందరి ముందు అరిచి అడగొద్దు, లోపలికి పిలిచి మెల్లగా అడుగు. ఇటు మర్రిగూడ, మునుగోడు వైపు ముసలివాళ్లలో ఫ్లోరైడ్‌తో నడుము, మెడ బిగుసుకుపోయినవాళ్లు ఇప్పటికీ వస్తారు, వెల్లకిలా పడుకోమంటే వాళ్లవల్ల కాదు. భుజాలు పట్టి టేబుల్‌కు అదిమే టెక్నీషియన్లను చూస్తే ఒళ్లు మండుతుంది. తల కింద, మోకాళ్ల కింద దిండు పెట్టు, కాకపోతే డాక్టర్‌ను అడిగి కూర్చోబెట్టి లాటరల్ (పక్క నుంచి) తియ్యి, రెండు నిమిషాలు ఎక్కువ పడితే పడనీ.

ఇక హెపటైటిస్. రక్తంతో అంటుకునే బి, సి రకాలకు, సీటీ స్కాన్‌లో కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే మందు) ఇచ్చే చోట సూది భయం ఉంటుంది. వాడిన సూదికి క్యాప్ తిరిగి పెట్టకు, నేరుగా తెల్ల డబ్బాలో వెయ్యి. గుచ్చుకుంటే పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి వెంటనే డ్యూటీ డాక్టర్‌కు చెప్పు, సిగ్గుపడి రేపు చెప్దాంలే అనుకోవద్దు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు గుచ్చుకున్న 2 గంటల్లో మొదలైతే మేలు, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు, మొదలుపెట్టాక 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా మాత్రం చేరకముందే మొదలుపెట్టు: ఇవాళ ఒకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ టెస్టు చేయించుకో, రిపోర్టులో 10 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే టీకా పనిచేసినట్టే, అమ్మకు చూపించు.