కొత్త సెల్ వేసినా కారు రిమోట్ కీ మొరాయిస్తుంటే

సెల్ మార్పించి పది రోజులైనా కాకముందే మీ రిమోట్ కీ మళ్లీ మొరాయిస్తోందని, ఒక్కోసారి కారు పక్కనే నిలబడి నొక్కినా తలుపులు తెరుచుకోవడం లేదని, సర్వీస్ సెంటర్ వారు కీ మొత్తం మార్చాలంటున్నారని రాశారు. అంత ఖర్చుకు సిద్ధపడే ముందు కీ డొప్ప విప్పి, లోపలున్న సెల్ మీద ఏ నంబరు ఉందో ఒకసారి చూడండి. రెండేళ్ల క్రితం ఇదే ఇబ్బందితో నేను నెల రోజులు తిప్పలు పడ్డాను.

మా కీలో ఉండవలసినది సీఆర్ 2032. వాచీలు బాగుచేసే దుకాణంలో మార్పిస్తే, ఆ రోజు సరుకు లేదో ఏమో, సీఆర్ 2025 వేసి ఇచ్చారు. రెండూ 3 వోల్టులవే, రెండింటి వ్యాసమూ 20 మిల్లీమీటర్లే కాబట్టి పైనుంచి చూస్తే తేడా తెలియదు. అయితే ఆ నంబరులోని చివరి రెండు అంకెలు మందాన్ని చెబుతాయి. 32 అంటే 3.2 మిల్లీమీటర్లు, 25 అంటే 2.5. మిగిలిన 0.7 మిల్లీమీటర్ల సందులో సెల్ కదులుతూ, లోపలి రేకుకు ఒకసారి తగిలి, మరోసారి తగలకుండా ఉండేది. కీని చెవి దగ్గర పెట్టుకుని ఊపితే సన్నగా టిక్కుటిక్కుమనేది, బొటనవేలితో డొప్పను అదిమిపట్టి బటన్ నొక్కితే మాత్రం తలుపులు చక్కగా తెరుచుకునేవి. అసలు నంబరు సెల్ వేశాక అదే కీ ఇప్పటికీ పనిచేస్తోంది.

మీ కీలో సరైన నంబరే ఉంటే రేకు వంగిందేమో చూసి, చిన్న స్క్రూడ్రైవరుతో కొద్దిగా పైకి లేపండి. పిల్లలు మింగకుండా కొన్ని కంపెనీలు సెల్ మీద చేదు పూత పూస్తాయి. అది కొన్ని కీలలో కరెంటుకు అడ్డుపడుతుంది కనుక స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి వేయడం మంచిది. మల్టీమీటరులో 3 వోల్టులు కనిపించినంత మాత్రాన సెల్ బాగుందని నమ్మకండి, ఎందుకంటే నీరసించిన సెల్ కూడా ఖాళీగా ఉన్నప్పుడు మంచి అంకెనే చూపి, బటన్ నొక్కగానే పడిపోతుంది.

రెండో కీ కూడా పనిచేయకపోతే తప్పు కీలది కాకపోవచ్చు. కారులోని 12 వోల్టుల బ్యాటరీని పరీక్ష చేయించండి. బటన్ పనిచేస్తూ, కీ జేబులో ఉన్నప్పుడు మాత్రం కారు గుర్తించకపోతే, అదే జేబులో ఫోన్ ఉందేమో గమనించండి. కారు సన్నని సంకేతంతో కీని పలకరిస్తే కీ బదులివ్వాలి, ఆ పలకరింపు చాలా బలహీనమైనది కనుక పక్కనున్న ఫోన్ దానికి అడ్డుపడవచ్చు. కారు నిలిపే చోటికి గోడ అవతలే కీని తగిలించే అలవాటుంటే అదీ మానండి. కొన్ని మోడళ్లలో కారు పలకరింపులకు కీ రాత్రంతా ఉలిక్కిపడి లేస్తూ సెల్‌ను తినేస్తుంది.

ఈలోగా దారిలో చిక్కుకుంటే కంగారుపడకండి. సూర్యాపేట దగ్గర ఒక దాబా ముందు రాత్రి పదకొండు గంటలకు మా కీ పూర్తిగా చచ్చిపోయింది. డొప్పలో దాగిన ఇనుప తాళంతో తలుపు తీసి, కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి పట్టుకుని నొక్కితే ఇంజన్ అందుకుంది. కీలోని చిప్ అప్పుడు తనకు కావలసిన శక్తిని కారు నుంచే తీసుకుంటుంది కాబట్టి సెల్ అక్కరలేదు. కొన్ని కార్లలో కీ ఆనించవలసిన చోటు వేరేగా ఉంటుంది. అది మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది, ఈ రోజే తీసి చూసిపెట్టుకోండి.