వర్గాల వాటాలు కూడితే మొత్తం ద్రవ్యోల్బణం రావట్లేదంటే

వినియోగదారుల ధరల సూచీ (CPI)లో ఒక్కో వర్గం వాటా లెక్కగట్టి కూడితే మొత్తం ద్రవ్యోల్బణంతో సరిపోవట్లేదని అడిగారు కదా. మీ డేటా బాగానే ఉందండి, తేడా అంతా ఫార్ములాలో ఉంది. వెయిటును (సూచీలో ఆ వర్గానికి నూటికి ఇంత అని ఇచ్చిన ప్రాధాన్యం) నేరుగా ఆ వర్గం ద్రవ్యోల్బణం శాతంతో గుణించేశారు.

1. మీ డేటా 2012 బేస్ సిరీస్‌ది (2012 ధరలను 100గా తీసుకున్నది) కాబట్టి ఆ సిరీస్ కంబైన్డ్ (గ్రామీణ, పట్టణ కలిపిన) వెయిట్లే వాడండి. ఆహారం, పానీయాలకు 45.86, గ్రామీణ వెయిటు 54.18 ఇందులో కలపకండి.

2. దాదాపు అందరూ తప్పేది ఇక్కడే:
వెయిటు × (ఈ నెల సూచీ − నిరుడు ఇదే నెల సూచీ) ÷ నిరుటి సాధారణ సూచీ (అన్ని వర్గాలూ కలిపిన సూచీ).
భాగించాల్సింది సాధారణ సూచీతో, ఆ వర్గం సొంత సూచీతో కాదు.

మన గుంటూరు మిర్చి ఉండే మసాలాల వరసే తీసుకోండి. వెయిటు 2.50. సూచీ 200 నుంచి 220కి పెరిగిందనీ, నిరుటి సాధారణ సూచీ 160 అనీ అనుకుందాం. వాటా 0.31 పాయింట్లు. మీ పద్ధతిలో 0.25 దగ్గరే ఆగిపోతుంది.

3. కూడేటప్పుడు ఉపవర్గాలతో పాటు వాటి మొత్తం వరసను కూడా లాగేయకండి.