పివట్ బేరింగులకు ఖరీదైన కిట్ అక్కర్లేదండి

సస్పెన్షన్ సైకిల్లో వెనక ఫ్రేము కదిలే కీళ్ల దగ్గరుండే పివట్ బేరింగులు మార్చడానికి సుత్తితో కొట్టేయొచ్చా, వాటిని నొక్కి ఎక్కించే ఖరీదైన ప్రెస్ కిట్టే కొనాలా అని అడిగారు కదండీ. సుత్తి మాత్రం వద్దు. బేరింగు వంకరగా దిగితే అల్యూమినియం ఫ్రేములో అది కూర్చునే గూడు పాడైపోద్ది, ఇక దానికి మందు లేదు.

అమలాపురంలో హార్డ్‌వేర్ షాపుకెళ్లి ఎం8 (8 మిల్లీమీటర్ల మందం) థ్రెడ్ రాడ్డు, అంటే పొడుగునా మరలున్న కడ్డీ, నట్లు, మందపాటి వాషర్లు తెచ్చుకోండి. 608 నంబరు లాంటి చిన్న బేరింగులకైతే ఎం6 రాడ్డు. మిగతాది ఇంట్లో నట్లు విప్పే సాకెట్ సెట్టే చూసుకుంటుంది. తీసేటప్పుడు ఒక పక్క బేరింగు పట్టేంత పెద్ద సాకెట్, రెండో పక్క గూట్లోంచి దూరేంత చిన్నది పెట్టి, మధ్యలోంచి రాడ్డు దూర్చి నట్లు బిగించండి.

ఎక్కించేటప్పుడు ఒత్తిడంతా బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు నొక్కారో, కొత్త బేరింగు అక్కడే పోయినట్టు. 6902 నంబరు బేరింగు బయటి వ్యాసం 28 మిల్లీమీటర్లు, దానికి రవ్వంత తక్కువున్న సాకెట్ వెతకండి.

గూడు వెనక మూసుంటేనే బ్లైండ్ పుల్లర్ (బేరింగును లోపల్నుంచి పట్టి లాగే పనిముట్టు) కొనండి. మన కాలవగట్ల బురదకి రెండు వైపులా రబ్బరు సీలున్న బేరింగులే తీసుకోండేం.