జెనీవా వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ)లో జరిగే వ్యవసాయ వాణిజ్య చర్చలకు వెళ్లే మన బృందంలో నీకు చోటు దొరికిందని విని చాలా సంతోషించాను. తోటి వర్ధమాన దేశాలతో ఎలా మెలగాలని అడిగావు. వాళ్లలో ఎవరికి ఏం కావాలో, ఏ మాట దగ్గర ఎవరు పక్కకు తప్పుకుంటారో చర్చలకు ముందే తెలుసుకో. మిగతాదంతా దాని తర్వాతే.

2003లో మెక్సికోలోని కాంకూన్‌లో జరిగిన డబ్ల్యూటీఓ మంత్రుల సమావేశం గురించి బాగా చదువు. దానికి ముందు ఆగస్టులో అమెరికా, ఐరోపా యూనియన్ కలిసి తమ సబ్సిడీలకు అనుకూలంగా ఒక ముసాయిదా తెచ్చాయి. దానికి జవాబుగా బ్రెజిల్, భారత్, చైనా, దక్షిణాఫ్రికా తదితర దేశాలు జీ-20గా కలిశాయి. (ఇప్పటి దేశాధినేతల జీ-20 వేరు.) బ్రెజిల్‌కు ఎగుమతి మార్కెట్లు కావాలి, భారత్‌కు చిన్న రైతుల రక్షణ కావాలి. అయినా కలిసి నిలబడ్డారంటే, ఒప్పుకోం అనడంతో ఆగకుండా సొంత ముసాయిదా రాసి బల్ల మీద పెట్టారు కాబట్టే. రాతపూర్వకంగా ఏమీ లేని కూటమిని అవతలివాళ్లు ఒక్కొక్కరినీ విడిగా పిలిచి విడగొట్టేస్తారు.

కానీ తేడాలు మాయం కావు. 2008 జూలైలో అప్పటి డబ్ల్యూటీఓ అధిపతి పాస్కల్ లామీ పెట్టిన రాజీ ప్యాకేజీకి బ్రెజిల్ సరేనంది. దిగుమతులు 40 శాతం పెరిగాక గానీ ముందే ఒప్పుకున్న గరిష్ఠ పరిమితికి మించి సుంకం వేయకూడదన్న షరతుకు భారత్ ఒప్పుకోలేదు. చిన్న రైతుల రక్షణ కోరే వర్ధమాన దేశాల కూటమి, ఇండోనేషియా సమన్వయం చేసే జీ-33కీ అది నచ్చలేదు. ఇలాంటి అంకెల మీద సొంత కూటమిలో ముందుగానే గట్టిగా వాదించుకోండి, మంత్రులు వచ్చేదాకా ఆగొద్దు.

చిన్న దేశాల్ని మర్చిపోకు. పత్తి సబ్సిడీల మీద బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి లేవనెత్తిన ప్రశ్నే పెద్ద దేశాల్ని అన్నిటికన్నా ఇరుకున పెట్టింది. వాళ్ల బృందాలు చిన్నవి, అన్ని మీటింగులకూ రాలేరు. లోపల ఏం జరిగిందో ఆ రాత్రే వాళ్లకు చెప్పు. ఇది సాయం చేయడం అనుకోకు, వాళ్లకు రావాల్సిన సమాచారం అది.

ఇక ప్రభుత్వం మద్దతు ధరకు కొని పెట్టే ఆహార నిల్వల సంగతి. మద్దతు ధరను ఇప్పటికీ 1986-88 నాటి ధరలతో పోల్చి సబ్సిడీ లెక్కకట్టడం అన్యాయమే. ఆ లెక్కలో సబ్సిడీ పరిమితి దాటినా మన మీద ఫిర్యాదు చేయకుండా 2013 బాలి సమావేశంలో తాత్కాలిక రక్షణ దొరికింది, శాశ్వత పరిష్కారం కావాలి. అయితే ఆ నిల్వలు ఎగుమతిగా బయటికొస్తే తమ రైతు దెబ్బతింటాడని థాయ్‌లాండ్ లాంటి దేశాల భయం. ఆ భయం నిజమైనదే. నువ్వు మద్దతు అడిగే ముందే, నిల్వలు బయటికి పోకుండా ఏ షరతుకు కట్టుబడగలమో రాసి వాళ్ల ముందు పెట్టు.