బస్సుల ఒప్పందం రాయబోయే అమ్మాయికి

అమ్మలూ,

నీ ఉత్తరం చదివాను. ప్రాంతీయ రవాణా సంస్థలో ప్లానింగ్ ఇచ్చారని, బస్సు కంపెనీలనూ నగరపాలక సంస్థలనూ కూర్చోబెట్టి ఉమ్మడి ఒప్పందం రాయించే పని నీకే అప్పగించారని రాశావు. టెన్షన్‌గా ఉందన్నావు. ఉండదా మరి! బస్సు ఒకరిది, రోడ్డు ఇంకొకరిది, సిగ్నళ్లు మరొకరివి. తిట్లు మాత్రం మీ ఆఫీసుకే వస్తాయి.

ముందు ఒక వారం బస్సుల్లో తిరుగు. తెల్లవారుజామున మొదటి ట్రిప్పు, రాత్రి ఆఖరి ట్రిప్పు, రెండూ ఎక్కు. డిపోలో డ్రైవర్లతో మాట్లాడు. ఏ మలుపు దగ్గర ఎన్ని నిమిషాలు పోతాయో వాళ్లు ఠక్కున చెప్తారు. జీపీఎస్ రికార్డులు తర్వాత తెప్పించుకో, ఎక్కడ వెతకాలో అప్పటికి నీకు తెలిసి ఉంటుంది.

ఆ పోయే నిమిషాల్లోనే నీ ఒప్పందమంతా ఉంది. ఒక రూటులో బస్సు వెళ్లి రావడానికి, చివర్లో ఆగే సమయంతో సహా, 60 నిమిషాలు పడుతుందనుకో. 10 నిమిషాలకొక బస్సు రావాలంటే 6 బస్సులు చాలు. ట్రాఫిక్ పెరిగి అదే ట్రిప్పు 70 నిమిషాలైతే 7 బస్సులు కావాలి. అదనంగా ఒక బస్సు, దాని డ్రైవర్లు, ఇంధనం, ఇన్ని పెట్టినా ప్రయాణికుడికి కొత్తగా వచ్చింది సున్నా. ఆ ఏడో బస్సు కొనలేని కంపెనీ ఏం చేస్తుంది? బస్సుల మధ్య ఎడం పెంచుతుంది. జనం విసిగి బండ్లు కొనుక్కుంటారు, రోడ్డు ఇంకా నిండుతుంది, బస్సు ఇంకా నెమ్మదిస్తుంది. అదే బస్సు లేన్ వేసి, సిగ్నల్ దగ్గర బస్సుకు ముందు దారి ఇచ్చి ట్రిప్పును 50 నిమిషాలకు తెచ్చావనుకో, 5 బస్సులతోనే పని జరుగుతుంది. ఆరోదాన్ని బస్సే లేని పేటకు పంపొచ్చు.

కాబట్టి నగరపాలక సంస్థ ఇస్తానన్న లేన్ విలువను బస్సుల్లో లెక్కగట్టి ఒప్పందంలో రాయించు. 'మేం ఫలానా తేదీకి లేన్ ఇస్తాం, మిగిలిన బస్సును మీరు ఫలానా రూటులో నడపాలి' అన్నట్టుండాలి వాక్యం. 'ఉభయ పక్షాలూ కృషి చేస్తాయి' అని రాసుకున్న ఒప్పందాలు నేను చాలా చూశాను. అన్నీ బీరువాల్లోనే ఉన్నాయి. లేన్‌లో కార్లు నిలిపితే ఎవరు తీయిస్తారో కూడా రాయాలి. ట్రాఫిక్ పోలీసులను ఆఖరి మీటింగుకు కాదు, మొదటిదానికే పిలువు.

ఇంగ్లండ్ సంగతి చూడు. లండన్ బయట బస్సు సర్వీసులను 1986లో పోటీకి వదిలేశారు. లాభమున్న రూట్ల మీద కంపెనీలు ఎగబడ్డాయి. లాభం లేని రాత్రి, ఆదివారం సర్వీసులకు స్థానిక సంస్థలే డబ్బు పెట్టాల్సి వచ్చింది. 2017 చట్టంతో ఇరుపక్షాలనూ కట్టిపడేసే భాగస్వామ్య ఒప్పందాలకు దారి తెరిచారు. గ్రేటర్ మాంచెస్టర్ అది చాలదనుకుంది. రూట్లు, చార్జీలు తన చేతిలోకి తీసుకుని, కంపెనీలకు నడిపే పని మాత్రం కాంట్రాక్టుకిచ్చింది. 2023 సెప్టెంబరులో మొదలుపెట్టి 2025 జనవరికి మూడు విడతల్లో పూర్తిచేసింది. ఏది మంచిదంటే, నన్నడిగితే, నీ సంస్థ దగ్గర నష్టం భరించే డబ్బు, రూట్లు వేయగల మనుషులు ఉంటే రెండోది. లేకపోతే భాగస్వామ్యమే, కానీ గట్టిగా రాసుకున్నది.

ఇక టికెట్టు. ఒకే టికెట్టుతో ఏ బస్సైనా, ఏ రైలైనా ఎక్కే ఏర్పాటు కోసం జర్మనీలోని హాంబర్గ్‌లో 1965లోనే వేర్వేరు సంస్థలు కలిసి కూటమి కట్టాయి. అక్కడ పైకి కనిపించేది టికెట్టు. వెనక ఉన్నది కలెక్షన్ పంపకం. ఒకచోట మేం ఉమ్మడి పాసును ఆర్భాటంగా మొదలుపెట్టి, పంపకం సంగతి తర్వాత చూద్దామన్నాం. ఆ 'తర్వాత' ఏడాదిన్నర సాగింది. ఈలోగా ఒక కంపెనీ కండక్టర్లు పాసు చూపించినవాళ్లను అప్పులవాళ్లను చూసినట్టు చూశారు! తప్పు వాళ్లది కాదు, మాది. సియోల్‌లో 2004లో ఈ ముడిని ఇంకోలా విప్పారు. ఎంతమంది ఎక్కారని కాకుండా, బస్సు తిరిగిన కిలోమీటర్లను బట్టి కంపెనీలకు డబ్బిచ్చారు. దాంతో ప్రయాణికుల కోసం బస్సులు ఒకదాన్నొకటి తరమాల్సిన అవసరం తగ్గింది. అక్కడా మొదటిరోజు కార్డు యంత్రాలు మొరాయించి గోలగోలైంది. నువ్వు మాత్రం రూట్లు, టికెట్లు, బస్సుల రంగులు అన్నీ ఒకేరోజు మార్చకు.

చిన్న కంపెనీలవాళ్లు మీటింగులో నోరు విప్పరు. వాళ్లతో విడిగా ఒకసారి కూర్చో.

ఒక్క రూటు తీసుకుని ట్రిప్పు సమయం, బస్సుల సంఖ్య, పోయే నిమిషాలు ఒక కాగితం మీద వేసి, మీటింగుకు ముందే నాకు పంపు. కళ్లద్దాలు మార్చుకున్నాను, అంకెలు బాగానే కనిపిస్తున్నాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న