యానాంలో పుట్టిన అన్నదమ్ములకు రెండు పౌరసత్వాలు ఎలా వచ్చాయి?

ప్రశ్న: మా తాతగారూ, ఆయన తమ్ముడూ యానాంలోనే పుట్టారు. తాతగారు 1950లో కాకినాడ వచ్చి స్థిరపడ్డారు. చినతాతగారు ఉద్యోగానికి వియత్నాంలోని సైగాన్ వెళ్లి, 1962 తరువాత ఫ్రాన్స్ చేరారు. ఆయన పిల్లలు ఫ్రెంచి పౌరులు, మేము భారత పౌరులం. తాతగారి జనన పత్రం కూడా ఫ్రెంచిలోనే ఉంది. ఒకే ఇంటివారి మధ్య ఈ తేడా ఎందుకు? అసలు యానాం వారికి ఫ్రెంచి పౌరసత్వం ఎప్పుడు వచ్చింది?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడదాం. ఫ్రెంచి ఇండియాలో 1848 తరువాత ఓటు హక్కు వచ్చినా, పెళ్లి, వారసత్వం వంటి విషయాల్లో స్థానికులకు వారి వారి మతాచారాలే వర్తించేవి. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ ప్రకారం ఆ ఆచార చట్టాన్ని వదులుకుంటున్నట్లు అధికారి ఎదుట ప్రకటించినవారికి ఫ్రెంచి సివిల్ కోడ్ వర్తించింది. వారు ఒక ఇంటిపేరు కూడా ఎంచుకోవలసి వచ్చేది. తరతరాలుగా ఇంటిపేర్లున్న మనకు ఇది వింతగా తోచవచ్చుగాని, తండ్రి పేరుతోనే వ్యవహరించే తమిళ కుటుంబాలకు అది నిజంగా కొత్త పేరు. చివరకు 1946 మే 7న, సెనెగల్ ప్రతినిధి లమీన్ గేయ్ పేరుతో ప్రసిద్ధమైన చట్టం, సముద్రాల ఆవల ఉన్న ఫ్రెంచి భూభాగాల ప్రజలందరినీ, ఆచారాలను వదులుకోనవసరం లేకుండానే, ఆ ఏడు జూన్ 1 నుంచి పౌరులను చేసింది. మీ తాతగారూ అలాగే ఫ్రెంచి పౌరులయ్యారు.

ఇక తేడా సంగతి. యానాం పాలన 1954 నవంబరు 1న భారత్ చేతికి వచ్చినా, 1956 మే 28న సంతకాలైన విలీన ఒప్పందం 1962 ఆగస్టు 16న గాని అమలులోకి రాలేదు. దాదాపు ఎనిమిదేళ్లపాటు అక్కడివారిని పాలించింది ఒక దేశం, వారి పౌరసత్వం మరొక దేశానిది. ఆగస్టు 16న ఎవరు ఎక్కడ నివసిస్తున్నారన్నదే అన్నిటినీ తేల్చింది. యానాంలో పుట్టి యానాంలోగాని, కాకినాడ వంటి భారత భూభాగంలోగాని ఉన్నవారు ఏమీ చెప్పకపోతే భారత పౌరులయ్యారు. ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకోవాలంటే ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా ప్రకటించాలి. సైగాన్ వంటి చోట, అంటే మూడో దేశంలో ఉన్నవారు ఏమీ చెప్పకపోతే ఫ్రెంచివారుగానే మిగిలారు. భారత పౌరసత్వం కావాలంటే వారు ఆరు నెలల్లో రాసి ఇవ్వాలి. అన్నదమ్ములిద్దరూ మౌనంగా ఉండిపోయినా, అన్న మౌనానికి ఒక అర్థం, తమ్ముడి మౌనానికి మరొక అర్థం వచ్చాయన్నమాట.

ప్రజలకు ఎంపిక ఇవ్వడం న్యాయమే. కాని చదువురాని కుటుంబాలకు ఆరు నెలల గడువు చాలా తక్కువ. ఇక పిల్లల విషయం. పద్దెనిమిదేళ్లు నిండని, పెళ్లికాని పిల్లల పౌరసత్వాన్ని తండ్రి ప్రకటనే నిర్ణయించింది. అయితే అలా తల్లిదండ్రుల నిర్ణయంతో ఫ్రెంచివారుగా మిగిలిన పిల్లలు, పద్దెనిమిదేళ్లు నిండిన ఆరు నెలల్లోగా తామే ప్రకటన ఇచ్చి భారత పౌరసత్వాన్ని ఎంచుకునే అవకాశాన్ని ఒప్పందం మిగిల్చింది. మైనరు పిల్లల పేర్లను తండ్రి ప్రకటన పత్రంలోనే రాయాలని కూడా ఒప్పందం చెప్పింది. కాబట్టి 1963 ఫిబ్రవరిలో గడువు ముగిసేలోగా మీ తాతగారు అటువంటి ప్రకటన ఇచ్చి ఉంటే, అప్పటికి మీ నాన్నగారు మైనరైన పక్షంలో, ఆయన పేరు కూడా ఆ కాగితంలోనే ఉండాలి.